విదేశంలో కుర్ర డ్రైవర్లకు బీమా భారం

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు, చదువుకని లండన్ వెళ్తున్నాడు. ఇక్కడ కారు బాగానే నడుపుతాడు. అక్కడ బీమాకు అంత ఎక్కువ ఎందుకు అడుగుతున్నారు?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మన దగ్గర థర్డ్ పార్టీ బీమా (ప్రమాదంలో ఎదుటివారికి జరిగే నష్టానికి) ప్రీమియం ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది గానీ నడిపేవారి వయసును బట్టి కాదు, బ్రిటన్‌లో వయసు, అనుభవం, నివాస ప్రాంతం అన్నీ లెక్కలోకి వస్తాయి, క్లెయిమ్ చేయని ఏళ్లకు ఇక్కడ ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్‌ను చాలా కంపెనీలు పరిగణించవు. మన లైసెన్సు అక్కడ 12 నెలలే చెల్లుతుంది. కారు తప్పనిసరైతే, చిన్న ఇంజిన్‌దానికి, నడిపే తీరును నమోదు చేసే బ్లాక్ బాక్స్ పాలసీని అడిగి చూడమనండి. ప్రీమియం తగ్గుతుందని ఎవరైనా సలహా ఇచ్చినా, అబ్బాయే రోజూ నడిపే కారుకు బంధువులను ప్రధాన డ్రైవరుగా రాయించనివ్వకండి. అది మోసం కిందికి వస్తుంది, ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమే తిరస్కరించవచ్చు.