మెకానికల్ సీటు వదిలి ఎకరం అమ్మాలా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. బాబుకి కన్వీనర్ కోటాలో మెకానికల్ సీటొచ్చింది. అందులో ఉద్యోగాల్లేవు, ఎకరం అమ్మైనా మేనేజ్‌మెంట్ కోటాలో ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) బ్రాంచిలో వేయమని చుట్టాలంటున్నారు. ఏది మేలు?

జవాబు: ఏటా కౌన్సెలింగ్ మొదలవగానే వచ్చే ప్రశ్నే ఇది. ముందు ఎకరం సంగతి: అమ్మకండి. మేనేజ్‌మెంట్ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా రాదు. మీరు రాసినదాంట్లో మీ భయముంది, చుట్టాల మాటుంది, పిల్లాడి ఇష్టం గురించి ఒక్క ముక్క లేదు. నాలుగేళ్లు చదవాల్సింది వాడండీ! కూర్చోబెట్టి అడగండి, వాడు చెప్తున్నప్పుడు అడ్డు రాకండి.

ఏఐ-ఎంఎల్ మీద నా అనుమానం దాచను. దానికి పునాది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, రోజూ కోడ్ రాసే అలవాటు. అవి సరిగా చెప్పేవాళ్లు లేని కాలేజీలో బ్రాంచి పేరొక్కటే కొత్తది. పాఠాలు చెప్పేదెవరు, మూడో ఏడు పిల్లలు సొంతంగా ఏం రాశారు అని అడగండి. నీళ్లు నమిలితే వెనక్కొచ్చేయండి. కోడింగ్ మీద నిజంగా మనసుంటే మెకానికల్లో ఉండీ పైథాన్ నేర్చుకోవచ్చు. అన్ని బ్రాంచిలవాళ్లనూ తీసుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీలున్నాయి.

మెకానికల్లో తొలి జీతం తక్కువే, షిఫ్టులూ ఉంటాయి. పని లేదన్నది మాత్రం అబద్ధం. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో బాయిలర్లు, నీళ్లు చల్లబరిచే చిల్లర్లు, పంపులు రాత్రీపగలూ నడవాలి. పంపు బేరింగు మాటిమాటికీ పోతుంటే కొత్తది వేసి ఊరుకోకుండా, మోటారునీ పంపునీ కలిపే కప్లింగు దగ్గర డయల్ గేజీ (సన్నటి తేడానీ ముల్లుతో చూపే పరికరం) పెట్టి రెండిటి షాఫ్టులూ ఒకే వరసలో ఉన్నాయా అని చూసేవాడు ఇంజనీరు. లోపల గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడొస్తే ముందు సక్షన్ స్ట్రెయినర్ (పంపు నీళ్లు లాక్కునే వైపుండే జల్లెడ) మూసుకుపోయిందేమో చూడాలి. అటువైపు పీడనం పడిపోతే నీట్లో ఆవిరి బుడగలు పుట్టి, ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) మీద పగిలి దాన్ని తినేస్తాయి. ఇలా కారణం పట్టుకోగలిగినవాడు ఖాళీగా ఉండడు, బెంగపడకండి.

మొదటి ఏడు డ్రాయింగ్ వదలొద్దని బాబుకి చెప్పండి. 25 హెచ్7 అని రాసుంటే రంధ్రం 25.000 నుంచి 25.021 మిల్లీమీటర్ల లోపు ఉండాలని వాడికి తెలియాలి. 0.02 మిల్లీమీటర్ల వరకే చదివే వెర్నియర్‌తో అది తేలదు, రంధ్రం లోపలి కొలత తీసే బోర్ గేజీ పట్టడం నేర్చుకోవాలి. వేసవి సెలవుల్లో క్యాడ్ (కంప్యూటర్లో డ్రాయింగ్ గీయడం) కోర్సుకి డబ్బు కట్టేకంటే విశాఖ ఆటోనగర్లో ఓ మెషిన్ షాపులో నిలబడటం నయం. మూడో ఏడు నుంచి ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కి చదవాలి. ఉద్యోగంలో చేరి బాయిలర్ దగ్గర అనుభవం వచ్చాక బాయిలర్ ఆపరేషన్ ఇంజనీర్ పరీక్ష రాయొచ్చు.

ఈలోపు గడువు దాటకుండా కాలేజీలో రిపోర్ట్ చేయించండి.