టెక్ సందేహాలు: పదిహేను బిళ్లల పజిల్‌కి ల్యాప్‌టాప్ ఎందుకు బిగుసుకుపోతోంది?

విజయనగరం నుంచి ఒక బీటెక్ విద్యార్థి: 4×4 స్లైడింగ్ పజిల్‌కి (ఒక్క ఖాళీ గడిలోకి బిళ్లలను జరుపుతూ 1 నుంచి 15 దాకా వరసగా పేర్చేది) అతి తక్కువ జరుపుల్లో జవాబు చెప్పేలా పైథాన్‌లో బీఎఫ్ఎస్ (ఒక జరుపుతో చేరేవన్నీ, తర్వాత రెండు జరుపులతో చేరేవన్నీ, ఇలా వరసగా వెతికే పద్ధతి) రాశాను. 3×3కి చిటికెలో చెప్పేస్తోంది. 4×4 ఇస్తే 8 జీబీ ర్యామ్ నిండిపోయి ల్యాప్‌టాప్ కదలట్లేదు. ర్యామ్ 16 జీబీ చేయిస్తే పనవుతుందా?

అవ్వదు, ఆ డబ్బు దాచుకోండి. 3×3లో చేరుకోగల అమరికలు 1,81,440 మాత్రమే. ఎలా కలిపినా 31 జరుపుల్లోపే విడిపోతుంది. 4×4లో అమరికలు 10 లక్షల కోట్లు దాటుతాయి, గరిష్ఠంగా 80 జరుపులు పడతాయి. మీరు ఒక్కో అమరికను టపుల్‌గా (పైథాన్‌లో అంకెల జాబితాలాంటిది) దాస్తుంటే ఒక్కోదానికి 170 బైట్ల దాకా ఖర్చు. పాతిక జరుపుల లోతు చేరేసరికే మీ ర్యామ్ అయిపోతుంది. బాగా కలిపిన పజిల్‌కి సగటున 53 జరుపులు కావాలి. ర్యామ్ రెట్టింపు చేస్తే మీకు దక్కేది మహా అయితే ఇంకొక్క జరుపు లోతు.

మీకు కావాల్సింది ఐడీఏ స్టార్ అనే వెతుకులాట పద్ధతి. కంప్యూటర్ శాస్త్రవేత్త రిచర్డ్ కోర్ఫ్ 1985లో దీనితోనే 4×4 పజిళ్లను అతి తక్కువ జరుపుల్లో విప్పి చూపించారు. ఇది అమరికలను దాచదు. ఇప్పటిదాకా జరిపినవి, ఇంకా కనీసం ఎన్ని కావాలన్న అంచనా, రెండూ కూడి చూస్తుంది. ఆ మొత్తం మనం పెట్టుకున్న హద్దు దాటితే ఆ దారి వదిలి వెనక్కొస్తుంది. ఏ దారీ హద్దులో ఇమడకపోతే హద్దు పెంచి మళ్లీ మొదలుపెడుతుంది.

అంచనాకి మాన్‌హటన్ దూరం చాలు: ప్రతి బిళ్లా తన గడికి ఎన్ని అడ్డం, ఎన్ని నిలువు గడుల దూరంలో ఉందో లెక్కేసి కలపడమే. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఖాళీ గడిని కూడా బిళ్లలా లెక్కేస్తారు. 15 ఒక్కటే కుడివైపు చివరి గడిలోకి జరిగి ఉందనుకోండి. ఒక్క జరుపుతో పని అయిపోతుంది. ఖాళీని కూడా కలిపితే అంచనా 2 వస్తుంది. అంచనా అసలు కన్నా ఎక్కువైతే ప్రోగ్రామ్ ఏదో ఒక జవాబు ఇస్తుంది గానీ, అది అతి చిన్నదన్న పూచీ ఉండదు. సరిచూసుకోవడానికి తేలిక దారి ఉంది: ప్రతి జరుపుకీ మాన్‌హటన్ మొత్తం సరిగ్గా ఒకటి పెరుగుతుంది లేదా ఒకటి తగ్గుతుంది. కాబట్టి హద్దు ప్రతిసారీ సరిసంఖ్యలోనే పెరగాలి. మీ తెరమీద 41 తర్వాత 42 కనిపిస్తే ఎక్కడో తప్పు ఉన్నట్టే.

దీనికి లీనియర్ కాన్‌ఫ్లిక్ట్ జోడించండి, అంటే తమ వరసలోనే ఉన్నా తారుమారైన బిళ్లలకి పట్టే అదనపు జరుపులు. పై వరస 2, 1, 3, 4 అని ఉంటే 1కి దారివ్వడానికి 2 గానీ, 2కి దారివ్వడానికి 1 గానీ వరస దాటి పక్కకి తప్పుకుని మళ్లీ రావాలి, అందుకే అదనంగా 2 కలుపుతాం. 3, 2, 1 అని ఉంటే మూడు జతలు కదా అని 6 కలపకండి. రెండు బిళ్లలు తప్పుకుంటే చాలు, 4 మాత్రమే. కోర్ఫ్, ఫెల్నర్ 2002లో వెయ్యి పజిళ్ల మీద చూస్తే మాన్‌హటన్ ఒక్కదానితో సగటున 40 కోట్ల అమరికలు తిరగాల్సొచ్చింది, ఇది కలిపితే 4 కోట్లకి దిగింది. మామూలు పైథాన్‌కి అదీ భారమే, సీ ప్లస్ ప్లస్‌లో రాయండి.

ఇంకా వేగం కావాలంటే ప్యాటర్న్ డేటాబేస్, అంటే కొన్ని బిళ్లల గుంపు తన గడులకి చేరడానికి ఎన్ని జరుపులు కావాలో ముందే లెక్కేసి దాచుకున్న పట్టిక. బిళ్లలను 6, 6, 3 గుంపులుగా విడగొడితే పట్టికలన్నీ కలిపి 12 ఎంబీ లోపే. ఏ గుంపు పట్టికలో ఆ గుంపు బిళ్లల జరుపులే లెక్కించాలి. మిగతావాటి కదలికలు కూడా కలిపేస్తే మూడు పట్టికలనూ కూడే హక్కు పోతుంది.

టెక్కలి నుంచి ఒక తల్లి: పైడితల్లమ్మ జాతరలో కొన్న ప్లాస్టిక్ పజిల్ ఇది. పాప బిళ్లలు ఊడదీసి మళ్లీ పెట్టింది. ఎంత జరిపినా చివర్లో 15, 14 తారుమారుగానే మిగులుతున్నాయి.

పాప తప్పేం లేదమ్మా, ఆ అమరిక ఎవరికీ విడిపోదు. జాన్సన్, స్టోరీ అనే గణితవేత్తలు 1879లోనే దీన్ని నిరూపించారు. ఏ రెండు బిళ్లలనైనా ఊడదీసి ఒకదాని చోట ఒకటి పెట్టేయండి, దారి తెరుచుకుంటుంది.

యాప్ రాసేవాళ్లకి: ఖాళీని వదిలేసి, చిన్న సంఖ్యకన్నా ముందు పెద్ద సంఖ్య వచ్చిన జతలెన్నో లెక్కేయండి. ఖాళీ గడి కింది నుంచి ఎన్నో వరసో దానికి కలపండి. 4×4లో మొత్తం బేసి అయితే విడిపోతుంది. పైన 15, 14 తారుమారైన ఉదాహరణలో తారుమారు జత 1, ఖాళీ కింది నుంచి 1వ వరసలో, కలిపితే 2, సరిసంఖ్య, అందుకే విడిపోదు. ఈ లెక్క చూడకుండా బిళ్లలను ఊరికే ఇష్టమొచ్చినట్టు పేర్చి వదిలితే సగం ఆటలు ఇలాగే ఇరుక్కుంటాయి.

పలాస నుంచి ఒక పాఠకుడు: క్లాట్‌స్కీకి (చిన్నా పెద్దా ముక్కలను జరుపుతూ పెద్ద చదరపు ముక్కను బయటికి తెచ్చే పజిల్) అతి తక్కువ 81 ఎత్తులంటారు. నా ప్రోగ్రామ్ 116 చెబుతోంది. తప్పెక్కడ?

తప్పు లేదు, లెక్క వేరు. ఒక్క గడి జరిపితే ఒక ఎత్తు అనుకుంటే 116. ఒకే ముక్కను ఎంత దూరం జరిపినా, మూల తిప్పినా ఒక ఎత్తే అనుకుంటే 81. అయితే 116 దారిలో వరసగా వచ్చిన జరుపులను కలిపేసి 81 వస్తుందనుకోకండి. ఒక ముక్క ఒక ఎత్తులో చేరగల చోట్లన్నిటినీ పక్క అమరికలుగా ఇచ్చి బీఎఫ్ఎస్‌ని మొదటి నుంచీ నడపాలి. ఇక్కడ బీఎఫ్ఎస్ చక్కగా సరిపోతుంది, చేరగల అమరికలు 25,955 మాత్రమే. మీకు లక్షల్లో వస్తుంటే ఒకే ఆకారపు ముక్కలకు వేరువేరు నంబర్లు ఇచ్చి ఉంటారు. నాలుగు నిలువు ముక్కలకూ ఒకే గుర్తు, నాలుగు చిన్నవాటికీ ఒకే గుర్తు పెట్టండి.