ఏడేళ్ల పాపకు పాలపన్ను పుచ్చింది... రూట్ కెనాల్ చేయించాలా, పీకించేయాలా?

ప్రశ్న: మా పాప వయసు ఏడేళ్లు, బరువు 20 కిలోలు. కింది దవడలో కుడివైపు, చివరి నుంచి రెండో పన్ను పుచ్చిపోయింది. నెల కిందట ఆ పన్ను పక్కన చిగురు మీద చిన్న పొక్కు లేచింది. ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడితే తగ్గింది. ఇప్పుడు మళ్లీ రాత్రిళ్లు నొప్పితో లేచి ఏడుస్తోంది. డెంటిస్టుకు చూపిస్తే రూట్ కెనాల్ చేసి స్టీల్ క్యాప్ వేయాలని, కుదరకపోతే పన్ను తీసేసి స్పేస్ మెయింటెయినర్ (ఆ చోటు మూసుకుపోకుండా కాపాడే పరికరం) పెట్టాలని అన్నారు. దాని వెనకున్న పన్నుకు సీలెంట్ (పుచ్చకుండా పంటి గాడులను మూసే పూత) కూడా వేయించమన్నారు. ఎలాగూ ఊడిపోయే పాలపళ్లకు ఇంత అవసరమా? పీకించేస్తే సరిపోదా?

జవాబు: ‘ఊడిపోయేదే కదా’ అన్న మాట ముందు పళ్ల విషయంలో చాలావరకు నిజమే. అవి ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఊడిపోతాయి. మీరు చెబుతున్నది దవడ పన్ను. పాలపళ్లు మొత్తం 20 ఉంటే, వాటిలో 8 దవడ పళ్లు. ఇవి 10 నుంచి 12 ఏళ్ల దాకా నోట్లో ఉండాల్సినవి. మీ పాపకు పుచ్చింది రెండో పాల దవడ పన్ను అయ్యుంటుంది. దాని స్థానంలో శాశ్వత పన్ను రావడానికి 11 ఏళ్లు దాటవచ్చు. అంటే ఇంకా నాలుగేళ్లపాటు పాప ఆ పన్నుతో నమలాలి, ఆ పన్ను తన కింద ఉన్నదాని చోటును కాపాడాలి.

చాలామంది తల్లిదండ్రులు గమనించని విషయం ఇంకోటుంది. దాని వెనకాల, చివరన ఉన్నది పాలపన్ను కాదు. ఆరేళ్ల ప్రాంతంలో ఏ పన్నూ ఊడకుండానే వెనక ఖాళీలో వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను అది. ఏదీ ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు, పుచ్చినా పట్టించుకోరు. అది పోతే మళ్లీ రాదు. మీ డెంటిస్టు సీలెంట్ వేయించమన్నది బహుశా దానికే.

ముందు పుచ్చిన పన్ను సంగతి. పాలపన్ను మీద ఎనామిల్ మందం సుమారు 1 మిల్లీమీటరు. శాశ్వత పన్నుతో పోలిస్తే దాదాపు సగం. లోపల నరం ఉండే గది మాత్రం పన్ను సైజుకు పెద్దదే. అందుకే పైకి చిన్న మచ్చలా కనిపించే పుచ్చు, ముఖ్యంగా రెండు దవడ పళ్ల సందులో మొదలైనది, చూస్తుండగానే నరం దాకా పోతుంది.

నొప్పి తీరును బట్టి నరం పరిస్థితి చాలావరకు తెలుస్తుంది. చల్లనివి, తీపి తగిలినప్పుడు జివ్వుమని వెంటనే తగ్గిపోతే నరం ఇంకా కోలుకునే స్థితిలో ఉన్నట్టు. ఏమీ తినకుండానే, అదీ రాత్రి నిద్రలో లేపేసేలా నొప్పి వస్తే వాపు చేయి దాటిపోయినట్టు. చిగురు మీద పొక్కు వచ్చిందంటే నరం చనిపోయి, వేర్ల మధ్య చీము చేరి బయటికి దారి చేసుకున్నట్టు. చీము కారిపోగానే ఒత్తిడి తగ్గి నొప్పి పోతుంది. తగ్గిపోయిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేది సరిగ్గా అప్పుడే. లోపలి కథ మాత్రం అలాగే నడుస్తుంటుంది.

యాంటీబయాటిక్ వాడినా మళ్లీ రావడానికి కారణం కూడా ఇదే. చనిపోయిన నరంలో రక్తప్రసరణ ఉండదు, మందు అక్కడికి చేరదు. చుట్టూ పాకిన ఇన్ఫెక్షన్‌ను అణచగలదు గానీ మూలాన్ని తీయలేదు. జ్వరం, ముఖం వాపు లేనప్పుడు మరో కోర్సు వాడటం వల్ల ఉపయోగం లేదు. పాల దవడ పన్ను వేర్ల మధ్యలోనే కింది శాశ్వత పన్ను తయారవుతూ ఉంటుంది. అక్కడ చీము నెలల తరబడి ఉంటే ఆ కొత్త పన్ను మచ్చలతో, గుంటలు పడిన ఎనామిల్‌తో రావచ్చు.

ఇక రూట్ కెనాల్. పిల్లల విషయంలో ఈ ఒక్క మాటతో రెండు వేర్వేరు చికిత్సలను పిలుస్తుంటారు. మీకు చెప్పింది ఏదో అడిగి తెలుసుకోండి.

మొదటిది పల్పాటమీ. పుచ్చు నరాన్ని తాకినా వేర్లలోని నరం ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేస్తారు. పన్ను పైభాగంలోని నరాన్ని మాత్రమే తీసి, తడి దూది ఉండతో అదిమిపెడతారు. ఐదు నిమిషాల్లోపు రక్తం ఆగితే వేర్లలోని నరం బాగున్నట్టు లెక్క. దాని మీద ఎంటీఏ లాంటి మందు వేసి మూసేస్తారు. రక్తం ఆగకుండా వస్తూనే ఉంటే వాపు వేర్లలోకి దిగిపోయినట్టే. పొక్కు వచ్చిన మీ పాప పన్నుకు ఇది పనికిరాదు. ఒకవేళ చేసినా కొంతకాలానికి పొక్కు మళ్లీ లేస్తుంది.

రెండోది పల్పెక్టమీ. మీ పాపకు వర్తించేది ఇదే. మత్తు ఇచ్చి, పన్ను చుట్టూ రబ్బరు తెర కడతారు. ఉమ్మి లోపలికి పోకుండా, మందులూ పరికరాలూ గొంతులోకి జారకుండా ఆ తెర కాపాడుతుంది. వేర్లలోని కుళ్లిన నరాన్ని సన్నటి ఫైళ్లతో తీసి, సోడియం హైపోక్లోరైట్ లాంటి ద్రావణంతో కడిగి, ఆరబెట్టి, పేస్టు నింపుతారు. పెద్దవాళ్ల పళ్లలో నింపే గట్టాపెర్చా ఇక్కడ వాడరు. కింది పన్ను పైకి వచ్చేటప్పుడు పాలపన్ను వేర్లు కరగాలి, వాటితోపాటు లోపలి మందూ కరగాలి కదా. అందుకే జింక్ ఆక్సైడ్ యూజినాల్, లేదా అయోడోఫామ్‌తో కలిపిన కాల్షియం హైడ్రాక్సైడ్ పేస్టు వాడతారు. పని ఒక్కసారిలోనో, చీము ఎక్కువగా ఉంటే రెండుసార్లలోనో అయిపోతుంది.

ఇది పనిచేస్తుందో లేదో ఎక్స్‌రే చూడకుండా ఎవరూ చెప్పలేరు. వేర్లు మూడో వంతుకు మించి కరిగిపోయినా, వేర్ల మధ్య పన్ను అడుగుకు రంధ్రం పడినా, ఎముక బాగా దెబ్బతిని చీము కింది పన్ను దాకా వెళ్లినా, క్యాప్ నిలబడటానికి పైన పన్ను మిగలకపోయినా తీసేయడమే మేలు. అవేవీ లేకపోతే పన్ను నిలుపుకోవడం వైపే నేను మొగ్గుతాను. ఎంత మంచి స్పేస్ మెయింటెయినర్ అయినా సొంత పన్నుకు సాటిరాదు, పైగా దానితో నమలడం కుదరదు. ఎక్స్‌రే అంటే భయపడకండి. ఒక చిన్న డిజిటల్ పంటి ఎక్స్‌రేలో తగిలే రేడియేషన్, ప్రకృతిలో సహజంగా మనందరికీ సుమారు ఒకరోజులో తగిలేంతే.

‘పల్పెక్టమీ చేయించాం, క్యాప్ తర్వాత చూద్దాం’ అని ఆపేసేవాళ్లు చాలామంది. చికిత్స వమ్మయ్యేది ఎక్కువగా ఇక్కడే. లోపల ఖాళీ చేసిన పన్ను గోడలు బలహీనంగా ఉంటాయి. మామూలు ఫిల్లింగ్ అంచుల్లోంచి ఉమ్మి, బ్యాక్టీరియా లోపలికి దిగుతాయి, లేదా పన్నే చీలుతుంది. వీలైతే అదే రోజు, లేకుంటే ఒకటి రెండు వారాల్లోపు స్టీల్ క్యాప్ వేయించండి. ఇవి రెడీమేడ్ సైజుల్లో దొరుకుతాయి కాబట్టి కొలత తీసి ల్యాబ్‌కు పంపే పని లేదు. వేసిన కొత్తలో అది కాస్త ఎత్తుగా తగులుతుంది, చుట్టూ చిగురు రెండు మూడు రోజులు నొప్పిగా ఉంటుంది. రెండు వారాల్లో కొరుకుడు సర్దుకుంటుంది. ఊడి వస్తే పారేయకండి, దాన్ని తీసుకుని వెళ్తే చాలాసార్లు మళ్లీ అతికించవచ్చు. నికెల్ అలర్జీ ఉంటే, అంటే చవక చెవిదుద్దులకు చర్మం దద్దుర్లెక్కే పిల్లలైతే, ముందే చెప్పండి. వాళ్లకు తెల్లటి జిర్కోనియా క్యాప్‌లు ఉన్నాయి. వాటికి పన్నును ఎక్కువగా అరగదీయాలి, కాబట్టి అందం కోసమే దవడ పళ్లకు అవి కావాలని పట్టుబట్టవద్దు.

పన్ను తీయక తప్పకపోతే, తీశాక ఖాళీని అలా వదిలేయకూడదు. వెనకున్న మొదటి శాశ్వత దవడ పన్ను, అంటే ఆరేళ్ల పన్ను, ముందుకు ఒరుగుతుంది. ఈ జరగడం ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే అవుతుంది, ‘సెలవుల్లో చూద్దాం’ అంటే ఆలస్యమైపోతుంది. చోటు మూసుకుపోతే కింది పన్ను ఎముకలోనే ఇరుక్కుంటుంది, లేదా వంకరగా వస్తుంది. మీ పాపకు సాధారణంగా పెట్టేది బ్యాండ్ అండ్ లూప్: ఆరేళ్ల పన్ను చుట్టూ ఒక ఉంగరం, దాన్నుంచి ముందు పన్ను దాకా ఒక తీగ వంపు. దీనికి ఆరు నెలలకోసారి చెకప్ తప్పనిసరి. అతికించిన సిమెంట్ కరిగితే ఉంగరం కింద మంచి పన్నే పుచ్చుతుంది. కింద కొత్త పన్ను కనిపించగానే ఈ బ్యాండ్ అండ్ లూప్‌ను తీయించాలి, లేకపోతే కొత్త పన్నుకు అదే అడ్డమవుతుంది.

సీలెంట్ మాత్రం వాయిదా వేయకండి. దవడ పన్ను పైనున్న గాడులు బ్రష్ కుచ్చు కూడా దూరనంత సన్నగా ఉంటాయి, ఆరేళ్ల పన్ను పుచ్చడం అక్కడే మొదలవుతుంది. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లింగ్ లేదు. పన్నును శుభ్రం చేసి, 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్ 15 నుంచి 30 సెకన్లు పెట్టి, కడిగి ఆరబెడతారు. పన్ను సుద్దలా తెల్లగా కనిపించాక ద్రవ రెజిన్ పూసి, నీలి కాంతితో గట్టిపరుస్తారు. ఆ సుద్ద ఉపరితలం మీద ఒక్కసారి ఉమ్మి తగిలినా రెజిన్ సరిగా పట్టదు, కొన్ని నెలల్లో ఊడిపోతుంది. అందుకే చిగురు ఇంకా సగం కప్పి ఉన్న పన్నుకు రెజిన్ బదులు తేమను తట్టుకునే గ్లాస్ అయోనమర్‌ను తాత్కాలికంగా వేసి, పన్ను పూర్తిగా వచ్చాక అసలుది వేస్తారు. ఈ పన్ను మీద గోధుమ, పసుపు రంగు మచ్చలుండి, బ్రష్ తగిలితేనే పాప జివ్వుమంటోందంటే ఎనామిల్ ఏర్పడటంలోనే లోపం ఉండొచ్చు. దాని చికిత్స వేరు, డాక్టర్‌కు చూపించి అడగండి.

ఒక పన్ను ఇంతగా పుచ్చిందంటే మిగతా వాటిలోనూ మొదలై ఉండే అవకాశం ఎక్కువ. చిన్న పుచ్చులకు మామూలు ఫిల్లింగ్ చాలు. సందుల్లో పుచ్చి, నరం బాగున్న దవడ పాలపళ్లకు డ్రిల్లింగ్, మత్తు రెండూ లేకుండానే స్టీల్ క్యాప్ అతికించే హాల్ టెక్నిక్ ఉంది. చికిత్సకు అసలు సహకరించని పిల్లలకు 38 శాతం సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ పూసి పుచ్చును ఆపే ప్రయత్నం చేయవచ్చు, కానీ పూసిన చోట పన్ను నల్లబడిపోతుంది. మీ పాప చీము పట్టిన పన్నుకు ఈ రెండూ పనికిరావు. పుచ్చే తత్వం ఎక్కువగా ఉన్న పిల్లలకు 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్‌ను మూడు నుంచి ఆరు నెలలకోసారి పూయిస్తే మంచిది. ఇంట్లో 1,000 పీపీఎంకు తగ్గని ఫ్లోరైడ్ పేస్టు రోజుకు రెండుసార్లు వాడాలి. ఉమ్మేయమనండి, నీళ్లతో పుక్కిలించనివ్వకండి. ఏడేళ్ల పిల్ల సొంతంగా దవడ పళ్లు సరిగా తోముకోలేదు, రాత్రి బ్రషింగ్ మీరే చేయండి.

మత్తు గురించి ఒక లెక్క. పన్ను మొద్దుబారడానికి ఇంజెక్షన్‌గా ఇచ్చే లిడోకైన్ గరిష్ఠంగా కిలోకు 4.4 మి.గ్రా., అంటే మీ పాపకు 88 మి.గ్రా. 2 శాతం మందు ఉండే 1.8 మి.లీ. కార్ట్రిడ్జ్‌లో 36 మి.గ్రా. ఉంటుంది, అంటే రెండు దాటకూడదు. రెండు దవడల్లోని పళ్లన్నీ ఒకేరోజు చేసేయమని అడగకపోవడానికి ఇది చాలు. చికిత్స తర్వాత రెండు మూడు గంటలు పెదవి మొద్దుబారి ఉంటుంది. పిల్లలు సరదాకు కొరుక్కుంటారు, మర్నాటికి పెదవి వాచి తెల్లటి పుండు కనిపిస్తుంది. అది చీము కాదు, వారం పది రోజుల్లో మానుతుంది. స్పర్శ వచ్చేదాకా పాపను కనిపెట్టుకుని ఉండండి. స్థానిక మత్తు మాత్రమే అయితే ఖాళీ కడుపుతో తీసుకెళ్లకండి, గంటన్నర ముందు తేలిగ్గా తినిపించండి. గుండెకు రంధ్రం, రక్తం గడ్డకట్టని సమస్య, ఉబ్బసం లాంటివి ఉంటే ముందే చెప్పాలి.

అపాయింట్‌మెంట్ దాకా నొప్పికి పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున, అంటే 300 మి.గ్రా. ఇవ్వవచ్చు. 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 6 మి.లీ. మోతాదుకూ మోతాదుకూ మధ్య ఆరు గంటలు, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. సీసా మీద బలం చూసుకోండి, అన్ని సిరప్‌లూ ఒకటి కావు. ఆస్పిరిన్ ఇవ్వకూడదు, దాన్ని పొడి చేసి పన్నులో పెట్టనూ కూడదు. లవంగ నూనె చిగురును కాలుస్తుంది, పిల్లలకు వద్దు.

బుగ్గ వాపు కంటి వైపు పాకినా, దవడ కింద గట్టిగా వాచినా, జ్వరంతో నీరసపడినా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి పీల్చడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. రాత్రయినా సరే, అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.