కంఠత వాక్యమా, కథా?

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం పక్క ఊరు. మా ఆయన గుజరాత్‌లో వీరావల్ రేవులో చేపల బోటు మీద పనిచేస్తారు. బాబుకి ఐదేళ్లు, పాపకి మూడు. రోజుకో వాక్యం కంఠత పట్టించమని పాస్టరమ్మగారు చెప్పారు. సాయంత్రం వాక్యాల నోటుపుస్తకం తీస్తే చాలు, బాబు ఏడుపు లంకించుకుంటున్నాడు. క్రిస్మస్‌కి పోటీ కూడా ఉంది, ఒకటే టెన్షన్. మా అత్తగారు చర్చికి రారు, ఆవిడ పూజలు ఆవిడవి. ఎక్కడ మొదలుపెట్టాలి? ఫోన్‌లో బైబిలు బొమ్మల వీడియోలు చూపిస్తే సరిపోతుందా?
- ఒక తల్లి

జవాబు: ముందు ఆ నోటుపుస్తకం అటకెక్కించండమ్మా. పిల్లలకు నేర్పమని ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో ఉన్నమాట నిజమే. కానీ ఎలా నేర్పమంది? ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమంది. ఒప్పజెప్పించుకోమని లేదు. బొబ్బిలిలో చాలాకాలం సండే స్కూల్ చెప్పినదాన్ని, వాక్యం గడగడా అప్పజెప్పి, అందులో గొర్రె ఎవరిదో అడిగితే నోరు తెరిచే పిల్లల్ని ఎంతమందినో చూశాను.

కథతో మొదలుపెట్టండి. లూకా 15వ అధ్యాయం తీయండి. పది వెండి నాణేలున్న ఆవిడ ఒకటి పోగొట్టుకుని, దీపం వెలిగించి, ఇల్లంతా ఊడ్చి వెతుకుతుంది. పది రూపాయి బిళ్లలు పాప చేత లెక్కపెట్టించి, ఒకటి చాప కింద దాచేయండి. బాబు చేతికి చీపురివ్వండి. తలుపు దగ్గరగా వేసి సెల్ లైటు పాపకివ్వండి. అయితే దీపాలు పెట్టాక ఇల్లు ఊడిస్తే మీ అత్తగారు ఊరుకోరు, పగలే కానివ్వండి! బిళ్ల దొరికాక కథలో ఆవిడ చుట్టుపక్కల వాళ్లందర్నీ పిలిచి సంతోషపడింది కదా, అలాగే నానమ్మని, పక్కింటి పిల్లల్ని పిలిచి తలో బెల్లం ముక్క పెట్టండి. మర్నాడు మళ్లీ అదే కథ కావాలంటారు. విసుక్కోకుండా చెప్పండి, వారమంతా అదే అయినా నష్టం లేదు.

తర్వాత యోహాను 6వ అధ్యాయంలో ఐదు రొట్టెలు, రెండు చిన్న చేపలు తెచ్చిన పిల్లాడు. అవి బార్లీ రొట్టెలు. మన వైపు బార్లీ అంటే ఒంట్లో బాగోలేనప్పుడు కాచిచ్చే నీళ్లే కాబట్టి బాబు మొహం చిట్లిస్తాడేమో. చేపల సంగతి మాత్రం మీరు చెప్పక్కర్లేదు, వాడే మీకు చెబుతాడు.

యేసు పడవలో నిద్రపోతుంటే తుపాను రేగి, ఆయన లేచి గద్దించగానే గాలి అణగిపోయిన కథ మాత్రం ఇప్పుడే వద్దు. సండే స్కూల్లో అందరూ ముందుగా చెప్పేది అదే, నాకు తెలుసు. కానీ తండ్రి సముద్రం మీదున్న పిల్లాడికి రాత్రి పడుకునే ముందు పడవలోకి నీళ్లొచ్చాయని చెబితే, గాలి అణగడం వాడికి వినపడదు, నీళ్లే కనపడతాయి. జూన్‌లో అక్కడ వేట ఆపి ఆయన ఇంటికొస్తారుగా, ఆయన చేతే చెప్పించండి. అల ఎలా లేస్తుందో, అలాంటప్పుడు పడవలో ఎవరైనా నిద్రపోతే తక్కినవాళ్లకి ఎంత ఒళ్లు మండుతుందో ఆయనకంటే బాగా ఎవరు చెప్తారు? నోవహు జలప్రళయం ఇంకా ఆగాలి. 2018లో తిత్లీ తుపాను చూసిన ఊళ్లు మనవి. మునిగిపోయిన పిల్లలేమయ్యారని బాబు అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలననుకున్నప్పుడు మొదలుపెట్టండి.

మీ అత్తగారి సంగతి. తన శిష్యుడు తిమోతికి విశ్వాసం అవ్వ లోయి, తల్లి యునీకేల నుంచి వచ్చిందని పౌలు రాశాడు. తండ్రి గ్రీసు దేశస్థుడు. అంటే ఆ ఇంట్లోనూ తలో దారి ఉండే ఉంటుంది. కథ చెప్పేటప్పుడు ఆవిడని గదిలోంచి పంపేయకండి, బలవంతాన కూర్చోబెట్టకండి. నానమ్మ చేసేది తప్పని పిల్లల చేత అనిపించారో, ఆ ఇంట్లో ఇక కథ సాగదు.

వీడియోలు మీరు చెప్పిన కథవే, అదీ చెప్పాక, ఒక్కటి చూపించండి చాలు. ముందే చూపిస్తే మీ కథ చప్పగా ఉంటుంది.

కంఠతకి తొందరేమీ లేదు. కీర్తన 117లో ఉన్నవి రెండే వచనాలు. మీరు అంట్లు తోముకుంటూ పాటలా అనుకుంటూ ఉంటే వాడి నోటికి అదే వస్తుంది. పోటీకి ఈ ఏడు పేరివ్వకండి. పాస్టరమ్మగారు అడిగితే ఈ పేజీ చూపించండి, తిట్లేవో నేను పడతాను.