అడిగితే తిడతారు, అడగకపోతే భయం: ఒక కొత్త నర్సు ఉత్తరానికి జవాబు

ప్రశ్న: మేడమ్, నాకు 22 ఏళ్లు. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరు. నాన్న అప్పు చేసి బీఎస్సీ నర్సింగ్ చదివించారు. నాలుగు నెలల క్రితం హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. వారం రోజులు ఓరియెంటేషన్ ఇచ్చారు. మూడో వారం నుంచే నైట్ డ్యూటీలో ఎనిమిది మంది పేషెంట్లను ఒక్కదాన్నే చూస్తున్నాను. ఏది అడిగినా సీనియర్ సిస్టర్ ‘నాలుగేళ్లు ఏం చదివావ్?’ అని పేషెంట్ తాలూకు వాళ్ల ముందే అంటారు. అందుకని అడగడం మానేశాను. పోయిన నెల ఇన్సులిన్ తప్పు సిరంజితో తీశాను. పక్క వార్డు అక్క చూసి ఆపింది. పేషెంట్‌కి ఏమీ కాలేదు. కానీ అప్పటి నుంచి ఇంజెక్షన్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. రూమ్‌కి వచ్చి పడుకున్నా, ఫలానా పేషెంట్‌కి మందు ఇచ్చానా లేదా అని ఉలిక్కిపడి లేస్తున్నాను. అమ్మ ‘మానేసి వచ్చెయ్, సంబంధాలు చూస్తాం’ అంటోంది. నాన్న ఏమీ అనరు. ఆయన్ని చూస్తే అప్పే గుర్తొస్తుంది. రెండేళ్ల బాండ్ రాశాను, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి వాళ్ల దగ్గరే ఉన్నాయి. నేను ఈ పనికి పనికిరానా?

జవాబు: చివర అడిగినదానికే ముందు చెబుతాను తల్లీ. పనికొస్తావు. చేతులు వణుకుతున్నాయని నువ్వు భయపడుతున్నావు. నీ ఉత్తరంలో నాకు భయం వేసిన మాట వేరే ఉంది. ‘అందుకని అడగడం మానేశాను’ అన్నావు చూడు, అది. చేతులు వణికినా అడిగి చేసే నర్సు దగ్గర పేషెంట్ క్షేమంగానే ఉంటాడు. తిడతారని అడగకుండా చేసేటప్పుడే ప్రమాదం.

ఆ ఇన్సులిన్ సంగతే చూడు. మన దగ్గర ఇన్సులిన్ వయల్స్, అంటే చిన్న మందు సీసాలు, రెండు రకాలు వస్తాయి, మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఇంకొకటి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూత సిరంజి. 100 యూనిట్ల వయల్ నుంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. తెల్లారేలోగా ఆ పేషెంట్‌కి చెమటలు పట్టి స్పృహ తప్పొచ్చు. అటుది ఇటైతే 20 వెళ్లాల్సిన చోట 8 యూనిట్లే వెళ్తాయి, షుగర్ దిగదు. రెండు రకాలూ ఒకే ట్రేలో పడి ఉంటే అర్ధరాత్రి రెండింటికి ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా పొరబడగలరు. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటివాటిని హై అలర్ట్ మందులుగా (పొరబడితే ప్రాణం మీదికొచ్చేవిగా) విడిగా పెట్టి, ఇద్దరు చూశాకే ఇవ్వమనేది అందుకే. ఆ రోజు పక్క వార్డు అక్క కంట పడటం అదృష్టం కొద్దీ జరిగింది. నిజానికి అది రోజూ పద్ధతి ప్రకారం జరగాల్సిన పని.

పేషెంట్ దాకా వెళ్లకముందే ఆగిపోయిన ఇలాంటి పొరపాటును నియర్ మిస్ అంటారని నీకు తెలుసు. మరి అది ఎక్కడైనా రాశారా? ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్నచోట ఇలాంటివి రిపోర్ట్ చేసే ఏర్పాటు ఉండి తీరాలి. మీ దగ్గర ఇన్సిడెంట్ ఫారం ఉంటే తీసుకుని జరిగింది జరిగినట్టు రాయి. రాస్తే ఉద్యోగం పోతుందని భయం ఉంటుంది, కాదనను. అందుకే ముందు నర్సింగ్ ఇన్‌చార్జిని కలిసి, ‘మేడమ్, రెండు రకాల సిరంజిలు ఒకే ట్రేలో ఉంటున్నాయి, నేను పొరబడబోయాను, విడిగా పెట్టిద్దాం’ అని చెప్పు. నెల రోజులుగా నువ్వొక్కదానివే మోస్తున్న బరువు ఆ ఒక్క మాటతో చాలావరకు దిగుతుంది. నీ తర్వాత చేరబోయే అమ్మాయికి కూడా మేలు.

ఇక సీనియర్ సిస్టర్. పేషెంట్ తాలూకు వాళ్ల ముందు అలా అనడం తప్పు. ఆవిడ ఎంత అలసిపోయి ఉన్నా సరే, తప్పు తప్పే. కానీ ఆవిడకు భయపడి నువ్వు నోరు కట్టేసుకుంటే నష్టపోయేది మంచం మీద ఉన్న మనిషి. అడిగే తీరు కొంచెం మార్చి చూడు. ‘సిస్టర్, ఇది ఎలా ఇవ్వాలి?’ అని అడిగితే ఆవిడకు నువ్వు చదవలేదనిపిస్తుంది. ‘సిస్టర్, ఆర్డర్‌లో 20 యూనిట్లు ఉంది, వయల్ 40ది, ఎర్ర మూత సిరంజిలో 20 తీశాను, ఒక్కసారి చూడండి’ అను. అందులో నీకు తెలిసిందంతా ఉంది, ఆవిడ చేయాల్సింది చూడటమే. ఆ తర్వాత కూడా విసుక్కుంటే విసుక్కోనీ, ఆవిడ చూసేదాకా మందు ఇవ్వకు. ఫోన్‌లో డాక్టర్ చెప్పిన ఆర్డరైనా ఇంతే. రాసుకో, రాసింది తిరిగి చదివి వినిపించు, డాక్టర్ వచ్చాక సంతకం చేయించు.

ఏదో ఒక రోజు హ్యాండోవర్ (తర్వాతి డ్యూటీ వాళ్లకు అప్పగింత) అయ్యాక, టీ తాగే టైంలో, ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి మాట్లాడు. ‘మీ దగ్గర నేర్చుకోవాలని ఉంది సిస్టర్. తప్పు చేస్తే గట్టిగానే చెప్పండి, కానీ పేషెంట్ వాళ్ల ముందు వద్దు. వాళ్లు తర్వాత నన్ను మందు కూడా ఇవ్వనివ్వడం లేదు’ అను. నాకు తెలిసి చాలామంది సీనియర్లు ఇలా విడిగా చెబితే తగ్గుతారు. తగ్గకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్‌కి కాగితం మీద రాసి ఇవ్వు. నిన్ను ఆపిన ఆ పక్క వార్డు అక్కను మాత్రం వదులుకోకు. ఆమె అక్కడే నిన్ను నలుగురిలో అల్లరి చేయొచ్చు, చేయలేదు. డ్యూటీ అయ్యాక పావుగంట ఆమెతో కూర్చుని ఆ రోజు అర్థంకానివి అడుగు.

నిద్రలో ఉలిక్కిపడటానికి సగం కారణం డ్యూటీలోనే ఉందని నా అనుమానం. హడావుడిలో ఎనిమిది మందికీ మందులు ఇచ్చేసి, తర్వాత స్టేషన్‌లో కూర్చుని అన్నీ కలిపి ఒకేసారి సంతకాలు పెడుతున్నావా? చాలా వార్డుల్లో ఇదే అలవాటు. అది మానెయ్. ఒక పేషెంట్‌కి ఇచ్చి, ఆ మంచం దగ్గరే టైం వేసి సంతకం పెట్టి, అప్పుడే రెండో మంచం దగ్గరకు కదులు. పొద్దున హ్యాండోవర్ కూడా స్టేషన్‌లో నిలబడి చెప్పకుండా, వచ్చిన సిస్టర్‌తో మంచం మంచానికీ తిరిగి ఇవ్వు. డ్రిప్ ఎంత మిగిలింది, పంప్ ఏ రేటులో ఉంది, కాన్యులా (నరంలో పెట్టే గొట్టం) ఎప్పుడు పెట్టారు, ఆరు గంటల జీఆర్‌బీఎస్ (వేలి నుంచి తీసి చూసే షుగర్) ఎంత వచ్చింది, ఇవన్నీ ఇద్దరూ కళ్లతో చూసుకోవాలి. అప్పుడు రూమ్‌లో మెలకువ వచ్చినా ‘ఇచ్చాను, సంతకం ఉంది’ అని మనసుకు చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది.

నువ్వు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. చేతులు వణికేటప్పుడు వాడిన సూదికి మూత పెట్టబోకు, నేరుగా సూదులు పారేసే షార్ప్స్ డబ్బాలో వెయ్. ఎప్పుడైనా గుచ్చుకుంటే పిండకు, సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద కడుక్కుని వెంటనే క్యాజువాలిటీకి వెళ్లి చెప్పు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లో 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. సిస్టర్ తిడుతుందని దాచే విషయం కాదిది. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో కూడా చూసుకో.

ఒక్కదానివే ఎనిమిది మందిని చూడలేకపోతున్నానని నిన్ను నువ్వు తక్కువ చేసుకుంటున్నావు. కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ ప్రమాణంలో జనరల్ వార్డుకు ఆరు మంచాలకు ఒక నర్సు. చేరిన మూడో వారానికే నీకు రాత్రిపూట ఎనిమిది ఇచ్చారు. కాలేజీలో మనం ఒక పేషెంట్‌ని తీసుకుని కేర్ ప్లాన్ రాసినవాళ్లం, అక్కడి నుంచి నేరుగా ఇక్కడికి వస్తే ఎవరికైనా కాళ్ల కింద నేల కదులుతుంది. అమెరికాలో మార్లీన్ క్రామర్ అనే నర్సు 1974లోనే దీన్ని రియాలిటీ షాక్ అంది. కొత్తగా చేరిన నర్సులందరికీ ఉండేదే, నీకొక్కదానికే వచ్చింది కాదు. కాబట్టి ఇంకో నెల డే డ్యూటీలో సీనియర్‌తో కలిపి వేయమని రాతపూర్వకంగా అడుగు. అడగడం నీ హక్కు, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

ఇంటి విషయానికొస్తాను. నైట్ డ్యూటీ దిగి, నిద్ర లేని గొంతుతో అమ్మకు ఫోన్ చేస్తున్నావని అనుకుంటున్నాను. అంత దూరంలో ఉన్న తల్లి ఆ గొంతు వింటే ‘వచ్చెయ్’ అనక ఏమంటుంది? కాసేపు పడుకుని, తిని, సాయంత్రం చెయ్. ఏడ్చిన రోజు సంగతే కాకుండా ఒక పేషెంట్ నిన్ను ‘అమ్మా’ అని పిలిచిన రోజు సంగతి కూడా చెప్పు. పెళ్లి చేసుకోవద్దని నేననను. ఇష్టమైనవాడు, నీ ఉద్యోగాన్ని గౌరవించేవాడు దొరికితే సంతోషం. కానీ ఈ వార్డు నుంచి తప్పించుకోవడానికి పెళ్లి చేసుకోకు. అమ్మతో ‘ఒక ఏడాది ఆగండి’ అని గడువు పెట్టి మాట్లాడు, ఉట్టి ‘వద్దు’ అంటే రోజూ అదే గొడవ అవుతుంది.

నాన్నగారి మౌనానికి నువ్వే ఒక అర్థం పెట్టుకున్నావు. ఆయన మనసులో ఏముందో అడిగావా? వీక్లీ ఆఫ్ రోజు ఆయనకు విడిగా ఫోన్ చేసి, ‘నాన్నా, అప్పు ఎంతుంది, వడ్డీ ఎంత, నెలకు నేను ఎంత పంపితే సరిపోతుంది?’ అని అడుగు. అంకె తెలియనంతకాలం అప్పు కొండలా కనిపిస్తుంది. తెలిశాక ఎంతో కొంత, తక్కువైనా సరే, నెలనెలా తప్పకుండా పంపు. ఇన్సులిన్ సంగతి కూడా ఆయనకు చెప్పొచ్చు. పొలంలోనో పనిలోనో చెయ్యి తిరగకముందు ఎలా ఉంటుందో ఆయనకు నీకంటే బాగా తెలుసు.

సర్టిఫికెట్ల విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. నీ ఒరిజినల్స్ నీ ఆస్తి. ముందు బాండ్ కాగితం కాపీ అడిగి తీసుకో. తర్వాత హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు: ఫలానా తేదీన వెరిఫికేషన్ కోసం ఇచ్చాను, తిరిగి ఇప్పించండి అని. మర్యాదగా, రెండే వాక్యాల్లో. ఇవ్వకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా లాయర్ సాయం దొరుకుతుంది, ఫోన్ నంబర్ 15100.

మరి మానేయాలా, ఉండాలా? ఈ నెలలోనే తేల్చుకోకు. పైన చెప్పినవి చేసి రెండు మూడు నెలలు చూడు. అడిగినా నేర్పించేవాళ్లు లేకపోతే, చూడని బీపీ చూసినట్టు చార్టులో రాయమంటే, అక్కడ ఉండొద్దు. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం తీసుకుని బయటికి రా. ఈ ఆసుపత్రి మానేసినంత మాత్రాన నర్సింగ్ మానేసినట్టు కాదు. ఎయిమ్స్ వాళ్లు నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే నార్‌సెట్ పరీక్షకు జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లను రెండేళ్ల అనుభవం అడుగుతారు, బీఎస్సీ వాళ్లను అడగరు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటే నువ్వు ఇప్పుడే రాయొచ్చు. తెలంగాణలో స్టాఫ్ నర్సు పోస్టులకు మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్లు కూడా చూస్తూ ఉండు.

ఇన్ని చేశాక కూడా నిద్ర పట్టకపోయినా, డ్యూటీకి బయలుదేరేటప్పుడు గుండె దడ, వాంతి వచ్చినట్టు ఉన్నా, బతకాలని లేదనిపించినా ఒక్కరోజు కూడా ఆగకు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీ ఆసుపత్రిలోనే సైకియాట్రీ విభాగం ఉన్నా, అక్కడ తెలిసినవాళ్లు చూస్తారని ఇబ్బందైతే బయట చూపించుకో.

ఈ వారంలో రెండు పనులు చెయ్. ఇన్‌చార్జితో సిరంజి ట్రే గురించి మాట్లాడు, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు. వాళ్లేమన్నారో నాకు మళ్లీ రాయి. బాండ్ కాపీ చేతికొస్తే అందులో ఏం రాసుందో కూడా రాయి, దాన్ని బట్టి తర్వాత ఏం చేయాలో చెబుతాను.