ఆ మాట అన్నప్పటి నుంచి తను ముభావంగా ఉంటోంది

ప్రశ్న: అమెరికాలో ఐదేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా టీమ్‌లో ఒక నల్లజాతి అమ్మాయి నాకు బాగా దగ్గర. తనకు రెండోసారి కూడా ప్రమోషన్ రాలేదని, తన రంగే కారణమేమో అనిపిస్తోందని మొన్న లంచ్‌లో చెప్పింది. ధైర్యం చెబుదామని, ‘మేమూ ఏమీ లేకుండానే వచ్చాం, కష్టపడితే ఇక్కడ ఎవరైనా పైకి రావచ్చు’ అన్నాను. అప్పటి నుంచి పని విషయాలు తప్ప ఏమీ మాట్లాడడం లేదు. తెలుగు ఫ్రెండ్స్ ‘వాళ్ల గొడవలు మనకెందుకు, వదిలెయ్’ అంటున్నారు. ఆఫీసుకు వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు ఓదార్చాలనే అన్నారమ్మా. ఆమెకు మాత్రం ‘నువ్వు సరిగా కష్టపడలేదు’ అని వినిపించింది. మీ యాస అర్థం కావట్లేదని మేనేజర్ మిమ్మల్ని మీటింగులకు పిలవడం మానేశారనుకోండి. ఆ బాధ ఆమెతో చెప్పుకుంటే ‘ఇంకాస్త ప్రాక్టీస్ చెయ్’ అంటే మీకెలా ఉంటుంది?

‘మేమూ ఏమీ లేకుండానే వచ్చాం’ అన్న మాట నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. మనం డిగ్రీ పట్టుకుని, ఆ డిగ్రీ చూసి ఇచ్చిన వీసా మీద వచ్చాం. 1946లో అమెరికా చేసిన చట్టం ప్రకారం భారతీయులకు ఏడాదికి దక్కిన వలస కోటా 100 మంది మాత్రమే. 1965లో వలస చట్టం మారాకే మనకు తలుపులు తెరుచుకున్నాయి. అంతకు ముందు ఏడాదే పౌరహక్కుల చట్టం వచ్చింది. ఉద్యోగాల్లో రంగు, జాతి, మతంతో పాటు పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపడాన్ని కూడా అది నిషేధించింది. అంటే మీ యాస విషయంలో రేపు మీకు అన్యాయం జరిగితే మీరు ఆశ్రయించేదీ ఆ చట్టాన్నే. దానికోసం వీధుల్లోకి వచ్చి దెబ్బలు తిన్నవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. అందుకే ‘మనకెందుకు’ అనే మీ స్నేహితుల మాటతో నేను ఏకీభవించను. పక్కవాళ్లకు అర్థం కాదు కదా అని తెలుగులో నల్లజాతివాళ్లను చులకన చేసి మాట్లాడే అలవాటు కూడా మనలో ఉంది. అలాంటి మాట మీ ముందు వస్తే అక్కడే ఆపండి.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు, చాట్‌లో కాకుండా ఎదురుగా, ‘ఆ రోజు నువ్వు బాధ చెప్పుకుంటే వినకుండా నీకే పాఠం చెప్పాను. తప్పు నాదే, సారీ’ అనండి. అక్కడితో ఆపేయండి. ‘నా ఉద్దేశం అది కాదు’ అని మొదలుపెడితే ఆమె మళ్లీ మీ మనసు కుదుటపరచాల్సి వస్తుంది. ‘మీ వాళ్ల సమస్యలు నాకు వివరించు’ అని కూడా అడగకండి. తెలుసుకోవాలని ఉంటే చదవడానికి కావలసినంత ఉంది.

ప్రమోషన్ రాకపోవడానికి నిజంగా రంగే కారణమా? అది మీరు తేల్చనక్కర్లేదు. అయితే ఆమె పనిని పక్కన పెట్టడం మీరు కళ్లారా చూసి ఉంటే, ‘ఎవరైనా అడిగితే చూసింది చెబుతాను’ అని ఆమెతో అనండి. వీసా మీద ఉన్నవాళ్లకు దీంట్లో భయం సహజం. కానీ 15 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకు ఆ పౌరహక్కుల చట్టం వర్తిస్తుంది. ఫిర్యాదు చేసినవాళ్ల మీదే కాదు, సాక్ష్యం చెప్పినవాళ్ల మీద కక్ష సాధించడం కూడా దాని ప్రకారం చట్టవిరుద్ధమే. ఫెడరల్ ఫిర్యాదుకు గడువు మామూలుగా 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300 రోజులు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మాత్రం పూర్తిగా ఆమె ఇష్టం.

మీ సారీకి ఆమె ‘సరేలే’ అని పనిలో పడిపోవచ్చు. వెంటనే పాత చనువు రాలేదని కంగారుపడకండి, వెంటపడి లంచ్‌కి పిలవకండి. ఎప్పుడైనా తనంతట తాను మళ్లీ ఆ ప్రమోషన్ మాట ఎత్తితే, ఈసారి చివరిదాకా విని, ‘ఏం చేద్దామనుకుంటున్నావు?’ అని అడగండి.