వీధి నాలా రిపేర్‌కు ప్రభుత్వ డబ్బు అవసరమో కాదో ఎలా తేల్చాలి?

హైదరాబాద్‌లో మీ వీధి నాలా ప్రతి వానకీ పొంగుతోంది, దాన్ని ప్రభుత్వ ఖర్చుతో బాగు చేయించాలా అన్నది మీ ప్రశ్న. ముందు గట్టి వాన వెలిశాక వెళ్లి చూడండి. జాలీ దగ్గర కవర్లు, కొబ్బరి బోండాలు అడ్డుపడి ఉంటే పూడిక తీస్తే చాలు, కొత్త కాంక్రీట్ అడగక్కర్లేదు.

పూడిక తీశాక కూడా నీళ్లు నిలుస్తుంటే గోడలు చూడండి. లోపలికి ఒరిగాయా, పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయా? పక్కన రోడ్డు కుంగిందంటే కింద మట్టి కొట్టుకుపోతున్నట్టే. ఇక ఆగొద్దు, వెంటనే ఫిర్యాదు చేయండి. స్లాబ్ లేని చోటు కూడా అంతే. 2020లో నేరేడ్‌మెట్‌లో తెరిచి ఉన్న నాలాలో పడి ఒక పాప చనిపోయింది.

నాలా ఎవరిదో కూడా తేల్చుకోండి. వాననీటి నాలాలు మీ మునిసిపల్ కార్పొరేషన్‌వి, మురుగు లైన్లు జలమండలివి (నగర నీటి, మురుగునీటి బోర్డు). వాన లేని రోజుల్లోనూ నల్లటి నీళ్లు పారుతుంటే మురుగు కలుస్తోందన్నమాట, అప్పుడు ఇద్దరికీ రాయాలి.

వెడల్పు చేయమని అడిగే ముందు దిగువన కల్వర్టు దాకా నడిచి చూడండి. అక్కడ ఇరుకుగా ఉంటే మన వరద కింది బస్తీ ఇళ్లలోకి పోతుంది. రిపేర్ అక్కడే మొదలవ్వాలి.